స్టాపుకి నాలుగు సెకన్లు

పంతొమ్మిదేళ్లుగా బస్సు నడుపుతున్న మనిషి ఆ రోజు పొద్దున ఆరుంపావుకి సీట్లో కూర్చుని, అద్దాలు సరిచూసుకుని, తాళం చెవి పెట్టింది. పెట్టింది గానీ తిప్పలేకపోయింది. చేతికి నొప్పేమీ లేదు, తాళం బిగుసుకుపోలేదు. చెయ్యి అక్కడే ఉంది, తాళమూ అక్కడే ఉంది, రెంటికీ మధ్య ఉండాల్సిన మనిషే లేదు. వెనక బస్సుల వాళ్లు రెండుసార్లు హారన్ కొట్టి, మూడోసారి కొట్టబోయి మానేశారు. ఆమె బస్సెప్పుడూ ఆగి ఉండేది కాదు మరి.

మీసాలన్న దిగి వచ్చాడు. డిపోలో అందరికంటే పాత డ్రైవరు, మీసం తప్ప మొహంలో మరేమీ కనపడని మనిషి.

"ఏమైంది చెల్లెమ్మా, బ్యాటరీ పోయిందా?"

"తెలీదన్నా."

"బస్సుదా, నీదా?" అని వేళాకోళం ఆడబోయి, ఆమె మొహం చూసి నోరు మూసుకున్నాడు. తలుపు తీసి, చెయ్యి పట్టుకుని దింపాడు. ఆమె నడిచింది. నడుస్తున్నది తానేనా అన్నట్టు కాళ్లవైపు చూసుకుంటూ నడిచింది.

ఆ దారిలో ఆమెను అందరూ డ్రైవరమ్మ అనే పిలుస్తారు. పదకొండో నంబరు రూటు ఆమెది. రైలు స్టేషను నుంచి పాల ఫ్యాక్టరీ దాకా పద్నాలుగు కిలోమీటర్లు, ముప్పై రెండు స్టాపులు. ఏ స్టాపులో ఎవరు ఎక్కుతారో, ఎవరి మోకాళ్లు ఎంతలా మొరాయిస్తాయో, ఏ పిల్ల సగం వేసిన జడతో పరుగెత్తుకొస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. ముసలివాళ్లు ఎక్కితే అద్దంలో చూసేది. వాళ్లు కూర్చున్నాకే గేరు వేసేది. ఇందులో గొప్పేముంది, బస్సు నడపడమంటే ఇదే కదా అనుకునేది.

అంత మనిషి అలా ఎందుకయిందంటే, ఏడాది వెనక్కి వెళ్లాలి.

ఏడాది కిందట పెద్దాఫీసులో ఎవరో కంప్యూటరు ముందు కూర్చుని, పదకొండో నంబరు బస్సు ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి యాభై ఆరు నిమిషాలు ఎందుకు, నలభై నాలుగు చాలన్నారు. అన్నవాళ్లు ఎవరో, వాళ్లు జన్మలో ఎప్పుడైనా పదకొండో నంబరు బస్సెక్కారో లేదో ఎవరికీ తెలియదు. ఒక కాగితం వచ్చింది. నోటీసు బోర్డు మీద అంటించారు. అంతే, పన్నెండు నిమిషాలు ఎగిరిపోయాయి. రోడ్డు పొడుగు తగ్గలేదు, సిగ్నళ్లు తగ్గలేదు, జనం తగ్గలేదు.

స్టీరింగు పక్కన చిన్న తెర బిగించారు. బస్సు వేళకి ఉంటే పచ్చంకె, ఆలస్యమైతే ఎర్రంకె. ఆ తెర మీద పచ్చంకె ఎలా ఉంటుందో డ్రైవరమ్మ రెండే రెండుసార్లు చూసింది. రెండుసార్లూ ఊళ్లో బంద్ జరిగి జనమే బయటికి రాలేదు.

ఆ చివర పాల ఫ్యాక్టరీ దగ్గర ఇదివరకు పది నిమిషాలు ఆగేవారు. అది మూడు నిమిషాలైంది. బాత్రూము రోడ్డవతల పెట్రోలు బంకులో ఉంది. దాని తాళం చెవి బంకు కుర్రాళ్లలో ఎవడి జేబులో ఉంటుందో అడిగి తెలుసుకోవాలి. రోడ్డు దాటి, చెవి అడిగి, పని కానిచ్చుకుని, మళ్లీ రోడ్డు దాటి రావడానికి మూడు నిమిషాలు చాలాలంటే మనిషికి రెక్కలుండాలి. రెక్కలు లేవు కాబట్టి డ్రైవరమ్మ నీళ్లు తాగడం మానేసింది. పొద్దున లేచాక అర గ్లాసు, మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఒక గ్లాసు. రెండు నెలలకు మూత్రంలో మంట, జ్వరం. మందులేసుకుని, మంట తగ్గగానే మళ్లీ మామూలే.

ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది మరొకటి జరిగింది.

మార్కెట్టు స్టాపులో ఒక పెద్దాయన ఎక్కాడు. చేతిలో కర్ర, కళ్లకు సోడాబుడ్డి అద్దాలు. రిటైరైన లెక్కల మాస్టారు. ఎన్నో ఏళ్లుగా మంగళవారం మంగళవారం కూతురింటికి వెళ్లే మనిషి. అప్పటికి తెర మీద ఎర్రగా పదకొండు కనిపిస్తోంది. ఆమె అద్దంలో చూడలేదు. చూస్తే కూర్చునేదాకా ఆగాలి, ఆగితే పన్నెండవుతుంది. గేరు వేసింది. వెనక దబ్బుమని చప్పుడు, ఎవరో ఆడమనిషి కేక. మాస్టారు బోర్లా పడ్డాడు. నుదురు చిట్లింది. కళ్లజోడు ఒక అద్దం ముక్కలైంది. ఆమె వెళ్లి లేవదీస్తుంటే ఆయన పగిలిన అద్దంలోంచి ఆమె మొహంలోకి చూసి, "నువ్వా!" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి ఆమెకు ఏడుపు రాలేదు. అదే వింత. ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు, ఆకలి వేయలేదు. నోట్లో పెట్టుకున్నది ఇసకలా ఉండేది. టెన్త్ చదివే కూతురు తనకు పోటీలో మొదటి బహుమతి వచ్చిందని చెబితే, "ఊఁ" అంది. ఆ పిల్ల బహుమతి కప్పు బల్ల కింద పెట్టేసింది. తెల్లారి లేవడమంటే నెత్తిన బియ్యం బస్తాతో మెట్లెక్కడం లాగుండేది. అయినా నాలుగు నెలలు లేచింది, నడిపింది. ఆఖరికి ఆ పొద్దున తాళం తిరగలేదు.

*

భర్త ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తాడు. రోజూ వేల దుప్పట్లు ఉతికే యంత్రాల మధ్య నిలబడి నిలబడి, ఇంట్లో గట్టిగా మాట్లాడే అలవాటు పోయిన మనిషి. భార్య మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంటే, ఆ మూడు రోజులూ మంచం పక్కన గ్లాసులో నీళ్లు పెట్టి, సాయంత్రం అలాగే ఉన్న గ్లాసు తీసి కడిగి, మళ్లీ నింపి పెట్టాడు. నాలుగో రోజు, "పద, మా ఆసుపత్రిలో చూపిద్దాం" అన్నాడు.

ఈలోగా ఊళ్లో ఉచిత వైద్యులంతా ఫోన్ చేశారు. అందరికంటే ముందు సొంత అక్క.

"నీకేం తక్కువే? మొగుడు తాగడు, తిట్టడు. పిల్ల బంగారం. పొద్దున్నే లేచి అరగంట నడువు, అన్నీ పోతాయి. ఊరికే ఆలోచించకు."

ఆలోచించకు అంటే ఆగిపోయేవాటిని ఆలోచనలని ఎందుకంటారు! కానీ ఆ మాట అనడానికి కూడా డ్రైవరమ్మకు ఓపిక లేదు. "సరే అక్కా" అంది.

డాక్టరు వయసు మళ్లినవాడు. తొందరపెట్టకుండా అడిగాడు, ఆమె చెప్పగలిగినంతా విన్నాడు. "డిప్రెషన్ ఇది. బద్ధకమూ కాదు, పిరికితనమూ కాదు. షుగరు, బీపీ ఎలాంటి జబ్బులో ఇదీ అలాంటి జబ్బే. మందులున్నాయి. మెల్లిగా పని చేస్తాయి" అన్నాడు.

"ఎందుకొచ్చిందండీ?" అని భర్త అడిగాడు.

"ఇదీ కారణం అని ఒక్కదానికి వేలు చూపించలేను. వాళ్లమ్మకీ ఉండేదని ఆమె మాటల్ని బట్టి తెలుస్తోంది."

నిజమే. వాళ్లమ్మ నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. ఇంటిల్లిపాదీ దాన్ని సోమరితనం అనేవారు. డ్రైవరమ్మ కూడా అనేది, చిన్నప్పుడు.

"ఆ పైన ఈ పని నలగ్గొట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు" అన్నాడు డాక్టరు. "రోకటిపోటు ఆగితే గోరుచుట్టు తగ్గుతుందని గ్యారంటీ లేదు. ఆగకపోతే మాత్రం అస్సలు తగ్గదు."

మూడు వారాలు గడిచాయి. మందు పని చేసిందో, నిద్ర పని చేసిందో, ఒక సాయంత్రం ఆమె వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఆ మాస్టారు ఎలా ఉన్నాడో" అంది. మూడు వారాల్లో తనంతట తానుగా అన్న మొదటి మాట అది. భర్త చేతిలో గరిట పక్కన పెట్టి, "పద, వెళ్లి చూసొద్దాం. ఎన్నాళ్లు ఆయన్ని నెత్తిన పెట్టుకు తిరుగుతావు?" అన్నాడు.

మాస్టారు ఇంట్లోనే ఉన్నాడు. కొత్త కళ్లజోడు, నుదుటి మీద గీతలా మచ్చ. తలుపు తీసి, ఆమెను గుర్తుపట్టి, లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబెట్టాడు.

"క్షమించమని అడగడానికొచ్చావా?"

"అవును మాస్టారూ."

"నేనేం క్షమించదలుచుకోలేదు. ఇరవై రోజులు దిండు మీద తల పెట్టలేకపోయాను. నీ మీద ఫిర్యాదు రాశాను. నాలుగు పేజీలు."

"మంచి పని చేశారు" అంది డ్రైవరమ్మ. నిజంగానే అలా అనిపించింది ఆమెకు.

ఆ మాటకు ఆయన కొంచెం తగ్గాడు. "జవాబేమొచ్చిందో తెలుసా? సదరు డ్రైవరుకు మనోబల శిక్షణ ఇప్పిస్తామట! నా తల పగలడానికీ నీ మనోబలానికీ సంబంధమేంటి? పదేళ్లుగా నీ బస్సెక్కుతున్నా. ఎప్పుడూ పడనివాణ్ని ఆ రోజే ఎందుకు పడ్డాను? అసలు సంగతి చెప్పు."

చెప్పింది. గుమ్మంలో నిలబడే చెప్పింది. యాభై ఆరు, నలభై నాలుగు, తెర, ఎర్రంకె, అన్నీ. మాస్టారు లోపలికెళ్లి కాగితం, పెన్ను తెచ్చుకుని ద్వారబంధానికి ఆనుకుని లెక్క వేశాడు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన చెయ్యి. సిగ్నళ్లన్నీ కలుపుకుని పద్నాలుగు కిలోమీటర్లకు నలభై రెండు నిమిషాలు. ఇక మిగిలింది రెండు నిమిషాలు. ముప్పై రెండు స్టాపులు.

"స్టాపుకి నాలుగు సెకన్లు కూడా లేదు!" అని అరిచాడు. "నాలుగు సెకన్లలో మనిషి తుమ్మగలడు గానీ బస్సెక్కగలడా? ఐదో క్లాసు పిల్లాడు కూడా చేసే లెక్క ఇది. ఇది తెలియక చేశారా, తెలిసే చేశారా?" ఆయన మెడ నరాలు పొంగాయి. అప్పటికి గుర్తొచ్చినట్టు, "లోపలికి రండమ్మా, గుమ్మంలో నిలబడ్డారేంటి?" అన్నాడు.

*

మళ్లీ డ్యూటీలో చేరాలంటే రెండు కాగితాలు కావాలన్నారు. ఒకటి డాక్టరు ఇచ్చేది. రెండోది మనోబల శిక్షణకు హాజరైనట్టు.

డాక్టరు రెండు నెలల దాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. మందు వల్ల మత్తుంటుందన్నాడు. డ్రైవరమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"పని మాన్పించడానికి వాళ్లూ, మీరూ ఒకటయ్యారా?"

"కోపం వచ్చిందా? మంచి గుర్తే. పోయిన నెల మీకు అదీ రాలేదు" అన్నాడు ఆయన. "కానీ కోపం మందు కాదమ్మా. కోపం వచ్చిందని బిళ్లలు మానేయొద్దు."

దాంతో డిపోలో ఆమెను వస్తువుల గదిలో వేశారు. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, సంచులు, ఒంటి చెప్పులు అక్కడ అరల్లో ఉంటాయి. ఒకరి కట్టుడు పళ్లు కూడా ఉన్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే వెతికి ఇవ్వాలి. ఎవరూ రారు. మరిచిపోయిన వస్తువుల మధ్య మనిషిని కూర్చోబెట్టినవాడికి ఆ తెలివి ఎలా వచ్చిందో గానీ, అక్కడికొచ్చిన ప్రతి డ్రైవరూ ఆ మాటే అని నవ్వేవాడు. నవ్వి, కాసేపు కూర్చుని, తన గోడు చెప్పుకునేవాడు.

శిక్షణ శుక్రవారం. మీటింగు హాల్లో నలభై మంది డ్రైవర్లు. గోడ మీద పెద్ద బొమ్మ, కొండ శిఖరం మీద చేతులు చాచిన మనిషి. శిక్షకుడు ముప్పై ఏళ్ల కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, చెవికి మైకు, మొహం మీద నవ్వు. మాట్లాడినంతసేపూ ఆ నవ్వు చెక్కు చెదరలేదు.

జేబులోంచి రబ్బరు బంతి తీసి నేలకేసి కొట్టాడు. బంతి ఎగిరి చేతికొచ్చింది.

"చూశారా ఫ్రెండ్స్! జీవితం మనల్ని కింద పడేస్తుంది. గుడ్డు పడితే పగులుతుంది. బంతి పడితే లేస్తుంది. మీరు గుడ్డా, బంతా? డిసైడ్ చేసుకోవాల్సింది మీరే!"

డ్రైవరమ్మ చెయ్యెత్తింది. ఎందుకెత్తిందో ఆమెకే తెలియదు. ఐదారు నెలలుగా ఎవరినీ ఏమీ అడగని మనిషి.

"బంతి దానంతట అది కింద పడలేదు కదా బాబూ. నువ్వు కొట్టావు."

హాల్లో నవ్వులు. శిక్షకుడూ నవ్వాడు. "సూపర్ పాయింట్ మేడమ్! కానీ కొట్టేది మన కంట్రోల్లో ఉండదు. లేవడమే మన కంట్రోల్లో ఉంటుంది."

"కొట్టేవాడి చెయ్యి పట్టుకుంటే?"

శిక్షకుడు తర్వాతి స్లయిడుకు వెళ్లిపోయాడు. లోతుగా ఊపిరి పీల్చడం. ప్రతి గంటకూ ఒకసారి కళ్లు మూసుకోవడం. బస్సు నడుపుతూ కళ్లు మూసుకోవాలా అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆ తర్వాత, "హైడ్రేషన్! మూడ్ బాగుండాలంటే రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలి" అన్నాడు.

డ్రైవరమ్మకు ఏదో తన్నుకొచ్చింది. నవ్వనుకుంది. కాదు. లేచి నిలబడింది.

"ఎనిమిది గ్లాసులు తాగి ఎక్కడికెళ్లమంటావు? మూడు నిమిషాల్లో రోడ్డు దాటి బంకులో తాళం చెవి అడుక్కోవాలి. ఆ కుర్రాళ్లు 'ఏం డ్రైవరమ్మా, మళ్లీనా' అని నవ్వుతారు. నేను ఏడాదిపాటు డ్యూటీలో గుక్కెడు నీళ్లు తాగలేదు. మంటతో, జ్వరంతో నడిపాను. నా సంగతి నేను చెప్పేశాను. సిగ్గు లేదనుకోండి. మీరూ చెప్పండి, ఎవరెవరు తాగట్లేదో!"

అప్పుడు మీసాలన్న లేచాడు. మొహంలో మీసం తప్ప కనపడని మనిషి మొహం ఆ రోజు మొత్తం కనపడింది.

"నేను సీసా పెట్టుకుంటా" అన్నాడు. "సీటు కింద. యాభై ఏడేళ్లు నాకు. మనవలున్నారు. బస్సులో జనం ఉండగానే తువ్వాలు కప్పుకుని..." మాట పూర్తి చేయలేక కూర్చున్నాడు.

ఇంకొకరు లేచారు. ఇంకొకరు. ఆ హాల్లో ఆ రోజు తల వంచుకోని మగవాడు లేడు. అయితే తల వంచుకోవాల్సినవాళ్లు మాత్రం అక్కడ ఎవరూ లేరు, పెద్దాఫీసులో ఏసీ గదుల్లో ఉన్నారు. అది తలుచుకుంటే డ్రైవరమ్మకు ఒళ్లంతా మండింది. ఏడుస్తోందని పక్కవాళ్లు చెబితే గానీ ఆమెకు తెలియలేదు.

వారం తర్వాత కాగితం వచ్చింది. 'శిక్షణకు సహకరించలేదు. ప్రతికూల ధోరణి. మరోసారి హాజరు కావలెను.'

*

రెండో శిక్షణలో ఐదుగురే ఉన్నారు, అందరూ ప్రతికూల ధోరణి బాపతే. శిక్షకుడు తలుపు మూసి, మైకు తీసి బల్ల మీద పెట్టాడు. నవ్వు ఉంది గానీ నీరసంగా ఉంది.

"బాబూ, నువ్వు చెప్పిన ఊపిరి లెక్కలన్నీ చేస్తాను" అంది డ్రైవరమ్మ. "కాదనను. రాత్రుళ్లు పనికొస్తున్నాయి కూడా. నువ్వు మాత్రం ఒక్కసారి పదకొండో నంబరు బస్సెక్కు. ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగి ఎక్కు."

వస్తాడని ఆమె అనుకోలేదు. సోమవారం పొద్దున స్టేషను స్టాపులో ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. మీసాలన్న బస్సు. డ్రైవరమ్మ ప్రయాణికురాలిగా పక్క సీట్లో కూర్చుంది. మార్కెట్టు దగ్గరికొచ్చేసరికి తెర మీద ఎర్రగా ఏడు. ఒక ప్రయాణికుడు, "నిద్రపోతున్నావా, నడుపుతున్నావా?" అని మీసాలన్న మీద అరిచాడు. శిక్షకుడు కాలు మీద కాలు వేసుకున్నాడు, తీసేశాడు, మళ్లీ వేసుకున్నాడు. పాల ఫ్యాక్టరీ రాగానే ఒక్క దూకు దూకి రోడ్డవతలకు పరుగెత్తాడు.

మీసాలన్న గడియారం చూశాడు. మూడు నిమిషాలు. "ఏం చేద్దాం చెల్లెమ్మా?"

"రూలు రూలే అన్నా."

బస్సు కదిలింది. బంకు కుర్రాళ్లలో తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కుంటూ ఒకడి నుంచి ఇంకొకడి దగ్గరికి తిరుగుతున్న ఇస్త్రీ చొక్కా అద్దంలో చిన్నదవుతూ కనిపించింది. డ్రైవరమ్మ నవ్వింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, పొట్ట పట్టుకుని నవ్వింది. బస్సులో జనం ఎందుకో తెలియకుండానే ఆమెతోపాటు నవ్వారు.

సాయంత్రం ఆ కుర్రాడు వస్తువుల గదికి వచ్చాడు. కోపంగా వచ్చాడేమో అనుకుంది. కుర్చీలో కూలబడ్డాడు.

"నాకూ రేటింగు ఉందమ్మా" అన్నాడు. మేడమ్ అనలేదు. "వారానికి తొమ్మిది క్లాసులు, ఐదు ఊళ్లు. నవ్వకపోతే పాయింట్లు తగ్గిస్తారు. ఆ రిపోర్టులో ప్రతికూల ధోరణి అని రాసింది నేనే. రాయకపోతే నా మీద రాస్తారు."

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. ఆమెకు జాలి వేసింది, కోపమూ పోలేదు. "ఇప్పుడేం రాస్తావు?" అంది.

"జరిగింది రాస్తాను" అన్నాడు. రాశాడు కూడా. ఒక పేజీ. ఆ తర్వాత ఆ డిపోకు అతన్ని పంపలేదు.

అతని పేజీ ఒక్కటే ఏమీ చేయలేకపోయేది. ఈలోగా మాస్టారు తన లెక్కను పెద్ద అక్షరాల్లో రాసి, ముప్పై రెండు స్టాపుల్లోనూ అంటించాడు. 'స్టాపుకి నాలుగు సెకన్లు. మీరు ఎక్కగలరా?' కర్ర పట్టుకుని స్టాపు స్టాపుకీ తిరిగి తానే అంటించాడు. డ్రైవర్ల మీద అరిచే జనం మొదట ఆ కాగితం మీద అరిచారు, తర్వాత లెక్క సరిచూసుకున్నారు, ఆ తర్వాత మాస్టారు రాసిన అర్జీ మీద సంతకాలు పెట్టారు.

ఇక డ్రైవర్లు. సమ్మె అంటే భయం, పెళ్లాం పిల్లలున్నారు. వస్తువుల గదిలో గొడుగుల మధ్య కూర్చుని చాలాసేపు తర్జనభర్జన పడ్డాక, డ్రైవరమ్మే అంది: "సమ్మె ఎందుకు? రూలు ప్రకారం నడపండి. అంతే. స్పీడు మించొద్దు. ముసలివాళ్లు కూర్చున్నాకే కదలండి. బాత్రూముకెళ్లాలంటే వెళ్లండి, ఎంతసేపైనా సరే. ఏ రూలు తప్పినట్టు?"

తొమ్మిది రోజులు నడిపారు అలా. కంట్రోలు రూములో గోడంత తెర ఎర్రబారిపోయిందట. ఆ తొమ్మిది రోజులూ తేలిగ్గా ఏమీ గడవలేదు. ఇద్దరికి మెమోలు వచ్చాయి. ఒకడు భయపడి మూడో రోజే మళ్లీ పరుగులు పెట్టాడు, వాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. పదో రోజు పెద్దాఫీసు వాళ్లు కారులో వచ్చి పాల ఫ్యాక్టరీ దగ్గర దిగి, రోడ్డు అటూ ఇటూ చూశారు. అది చూడటానికి ఏడాదిపైనే పట్టింది వాళ్లకి.

యాభై ఆరు మళ్లీ రాలేదు. యాభై ఒకటి ఇచ్చారు. బస్సులు ఆగే చోటే ఒక బాత్రూము కట్టి, ప్రతి డ్రైవరుకూ తాళం చెవి ఇచ్చారు. నోటీసు బోర్డు మీద కాగితం: 'ఉద్యోగుల సంక్షేమం దృష్ట్యా సంస్థ స్వయంగా తీసుకున్న చొరవ.' స్వయంగా! మీసాలన్న ఆ మాట కింద పెన్నుతో గీత గీసి, పక్కన ఆశ్చర్యార్థకం పెట్టాడు.

*

గొడవలో గెలిచిన రోజున మనిషి లేచి గంతులేస్తుందని అందరూ అనుకున్నారు. డ్రైవరమ్మ కూడా అనుకుంది. ఆ మర్నాడు మంచం మీంచి లేవలేకపోయింది. మళ్లీ గోడ, మళ్లీ ఇసక. "టైము మారింది కదా, ఇంకేంటి నాకు?" అని తన మీద తనకే అసహ్యం వేసింది. భర్త గ్లాసు పెట్టి, "డాక్టరు ముందే చెప్పాడుగా" అన్నాడు. డాక్టరు మందు మోతాదు కొంచెం మార్చాడు. స్టీరింగు పట్టుకోవడానికి రెండు నెలలు కాదు, నాలుగున్నర నెలలు పట్టింది.

ఆమె మళ్లీ రూటెక్కిన నెలకు డిపో వార్షికోత్సవం వచ్చింది. మేనేజరు పిలిపించి, "ఈ ఏడాది మనోబల పురస్కారం మీకే. కుంగిపోయి కూడా నిలదొక్కుకున్నారు. అందరికీ స్ఫూర్తి" అన్నాడు. షీల్డు, ఫొటో, పత్రికలో వార్త. వద్దంది. వచ్చి తీరాలన్నాడు.

వెళ్లింది. స్టేజి ఎక్కింది. కొండ శిఖరం మీద చేతులు చాచిన మనిషి బొమ్మే అక్కడా ఉంది. మేనేజరు షీల్డు చేతికివ్వబోతుంటే పుచ్చుకోకుండా మైకు పుచ్చుకుంది.

"నేను తట్టుకున్నానని ఇస్తున్నారు ఇది. నేను తట్టుకోలేదు. కూలిపోయాను. తాళం తిప్పలేక బస్సులో కూర్చుండిపోయాను. ఒక పెద్దమనిషి తల పగలగొట్టాను. ఇప్పటికీ మందులు మింగుతున్నాను. ఇది నా గొప్పా? తట్టుకోవడానికి బహుమతులిస్తూ పోతే, రేపు ఇంకో ఐదు నిమిషాలు కోసి, ఇంకా బాగా తట్టుకోమంటారు. నాకు షీల్డు వద్దు. ఇంకా మా ఐదు నిమిషాలు మీ దగ్గరున్నాయి. అవిచ్చేయండి."

మీసాలన్న చప్పట్లు కొట్టాడు. కొందరు కొట్టారు. కొందరు మేనేజరు మొహం చూసి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. షీల్డు బల్ల మీదే ఉండిపోయింది. తర్వాత దాన్ని సెక్యూరిటీ విభాగానికి ఇచ్చారని విన్నారు. ఐదు నిమిషాలు మాత్రం నేటికీ రాలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఆ సంగతంతా అభినయించి చూపిస్తే, మొగుడు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. కూతురు బల్ల కింది కప్పు తీసి, "పోనీ ఇది తీసుకో అమ్మా" అని చేతిలో పెట్టింది. డ్రైవరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దేనికొచ్చిందే, నాకు సరిగ్గా చెప్పనే లేదు" అంది. చెప్పాను, నువ్వే వినలేదు అని ఆ పిల్ల అనలేదు. మొదటి నుంచి చెప్పుకొచ్చింది. డ్రైవరమ్మ చివరిదాకా వింది.

మర్నాడు తెల్లవారుజామున లేచేసరికి ఒళ్లు బరువుగా ఉంది. ఎందుకో తెలియదు. అంతకుముందు రోజు అంత మాట్లాడిన నోట్లో మళ్లీ ఇసక. ఇదివరకైతే పంటి బిగువున లేచి వెళ్లేది. ఈసారి ఫోన్ తీసుకుంది.

"అన్నా, ఇవాళ మొదటి ట్రిప్పు నా వల్ల కాదు."

అవతల మీసాలన్న ఆవులించాడు. "సరే, నేను తీస్తాను. నువ్వు రెండో దానికి రా. అప్పటికీ కాకపోతే చెప్పు" అని, ఎందుకని అడగకుండా పెట్టేశాడు.

డ్రైవరమ్మ ఫోన్ పక్కన పెట్టి, ఇంకో గంట పడుకుంది.